తలుపుకు కాలు అడ్డంపెట్టిన మనిషి

మా మామిడి రైతుల సంఘం గేటుకు కట్టిన ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. ఆయన ఫొటో వెనక నీలం వెలుగులు, చిక్కుపడ్డ తీగలు, ఒక రోబో చెయ్యి. పైన పెద్ద అక్షరాలతో ‘మన ప్రాంత శాస్త్రవేత్తకు అశ్రునివాళి’ అని రాశారు. ఆయన శాస్త్రవేత్త కాదు. కంప్యూటర్ల అడుగున, ఎవరికీ కనిపించని చోట నడిచే ప్రోగ్రాములు రాసేవాడు. రోబోలతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆ ఫొటో కూడా ఎవరి పెళ్లిలోదో. పక్కనున్న మనిషిని కోసేసినా భుజం సగం మిగిలిపోయింది. ఆ భుజం నాది.

సంతాప సభలో మా ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, ఆయన ఏఐ అంటే మండిపడేవారనీ, కొత్తను ఒప్పుకోని పాతకాలం మనిషనీ చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, “మనిషన్నాక పొరపాటు చేస్తాడండీ. ఆయన రాసిన ప్రోగ్రాం వల్ల మన నాగరత్నం ప్రాణం మీదికొచ్చింది. కానీ ఆ పొరపాటుకి ప్రతి వేసవీ వచ్చి, ఛాంబర్ తలుపు దగ్గర కూలీలా నిలబడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. అంత గొప్ప మనసు” అన్నారు. జనం తలలూపారు. వేదిక మీద రెండో కుర్చీలో ఉన్న నేనూ ఊపాను.

నేను ఈ సంఘానికి పన్నెండేళ్లుగా సెక్రటరీని. ఆయన మీద వేసే చిన్న పుస్తకానికి నన్ను రెండు పేజీలు రాయమన్నారు. రెండు పేజీల్లో అయ్యే పని కాదు. వాళ్లు అనుకుంటున్న పనీ కాదు.

ఆయన నా భార్యకు పెదనాన్న కొడుకు వరస. కాబట్టి నాకు బావగారు. మామూలుగా నన్ను ‘ఏమయ్యా సెక్రటరీ’ అనేవాడు. బాగా కోపం వస్తే ‘బావా’ అనేవాడు. ఆ పిలుపు వినగానే నా భార్య వంటింట్లోంచి బయటికి వచ్చి, “మళ్లీ ఏం చేశారు?” అని నన్నే అడిగేది.

ఆయనతో వేగడం మహా కష్టం. ఈ మాట సభలో ఎవరూ చెప్పలేదు. ముందు అదే చెప్పాలి. మనం ఏది చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, “ఎవరు చూశారు?” లారీ బయల్దేరిందంటే, ఎవరు చూశారు? మందు కొట్టడం అయిపోయిందంటే, ఎవరు చూశారు? ఒకసారి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు పళ్లెంలో కోసిన మామిడిపండు ముక్కలు పెడితే చెయ్యి పెట్టలేదు. “చిన్న రసం అండీ, మన చెట్టుదే” అన్నాను. “ముచ్చిక ఏది?” అన్నాడు. పండు మొత్తంగా ఉంటే, ముచ్చిక దగ్గర వాసన చూసి ఆయనే ఒప్పుకోవాలి. ఒకరు కోసి ఇచ్చింది ఏ చెట్టుదని చెబితే ఆ చెట్టుదేనా? “రసాలను కోసి పెట్టడం ఏంటసలు” అని దానికి ఇంకొక క్లాసు. నా భార్య లోపలికి వెళ్లి ఇంకో పండు తెచ్చి, ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

ఫోను సంగతి ఇంకా ఘోరం. సీజన్లో నేను ఉరుకుల పరుగుల మీద ఫోను చేస్తే, హలో అనగానే ఆయన అడిగేది ఇదీ:

“మీ పడమటి గట్టున మూడో చెట్టేంటి?”

“బావగారూ, నేనండీ.”

“గొంతు నీదే. గొంతుదేముంది, ఇవాళ ఎవడి గొంతైనా ఏఐతో పలికిస్తున్నారు. చెట్టు చెప్పు.”

“ఇక్కడ లారీ ఆగిపోయిందండీ బాబూ.”

“చెట్టు.”

“పెద్ద రసం.”

“మొన్న కలెక్టరు మామిడన్నావు.”

“మొన్న మీరు అడిగింది తూర్పు గట్టండీ.”

“ఆ. ఇప్పుడు చెప్పు, ఏంటి సంగతి.”

ఆయన నాతో మాత్రమే ఇలా ఆడేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మిగతావాళ్ల ఫోన్లు అసలు ఎత్తేవాడే కాదు.

బాపులపాడు వైపు రోడ్డు పక్కన ఆయనకు నాలుగెకరాల బంగినపల్లి తోట ఉండేది. అందులో మోటారు షెడ్డే ఆయన ఆఫీసు. మా సంఘంలో కాయ మాగబెట్టే గదులు, అంటే ఛాంబర్లు, ఎనిమిది ఉన్నాయి. కార్బైడ్ మానేసి ఎథిలిన్ గ్యాస్‌కు మారినప్పుడు, గదికొక కంట్రోలు పెట్టె వచ్చింది. ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క చోట కొన్నవి కాబట్టి ఆ పెట్టెలు మూడు రకాలు. ఒకదానికి రాసిన ప్రోగ్రాం ఇంకొకదానికి అర్థం కాదు. చిన్న మార్పు కావాలన్నా ముగ్గురు మనుషుల్ని మూడు ఊళ్ల నుంచి పిలిపించాలి. అన్నిటికీ ఒకే ప్రోగ్రాం సరిపోయేలా చెయ్యమని ఆయన్ని బతిమాలాను. ఎనిమిది నెలలు పట్టింది. నాలుగు వారాల పని అనుకున్నాను.

“ఇన్ని నెలలా బావగారూ” అని షెడ్డుకెళ్లి గొడవ చేస్తే, అక్కడున్న అట్టపెట్టె ఒకటి తిప్పి మూల చూపించాడు. మేం ప్యాకింగ్ అయ్యాక పెట్టె మీద మార్కరుతో గుర్తులు వేస్తాం. ఒక గీత గీస్తే బంగినపల్లి. రెండు గీతలు రసాలు. సున్నా చుడితే పైన బరువు పెట్టకూడదు. అడ్డగీత కొడితే ముందు దింపాలి. ఇక్కడ వేసిన గుర్తుల్ని హనుమాన్ జంక్షన్‌లో లారీకెత్తే ఒడిశా కూలీ చదువుతాడు. ఉత్తరాదిన మార్కెట్లో దింపే మనిషీ చదువుతాడు. ఒకరి భాష ఒకరికి రాదు.

“బైట్‌కోడ్ అంటే ఇదేనయ్యా. ప్రోగ్రాం ఒక్కసారి ఈ గుర్తుల్లో రాస్తాను. ప్రతి పెట్టెలో చదివేవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెడతాను. వాడు ఆ పెట్టె భాషలో పని చేయిస్తాడు.”

“మరింకేం, పెట్టేయండి.”

“గుర్తులు అందరూ చదవగలరు. మంచిదే. ఎవడు పడితే వాడు వెయ్యనూగలడు. అది మంచిది కాదు. చదివేవాడికి చదువొక్కటే నేర్పితే చాలదు. ముందు అనుమానించడం నేర్పాలి. నాలుగు వారాలు చదువుకి, మిగతా నెలలు అనుమానానికి.”

ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. మూసిన గదిలో కాయ పండుతూ ఊపిరి వదులుతుంది. అది పోగుపడితే లోపలికి వెళ్లిన మనిషికి ఊపిరాడదు. అందుకని కొన్ని గంటలకొకసారి వెనక రేకులు తెరుచుకుని, ఫ్యాన్లు తిరిగి, ఆ గాలి బయటికి పోవాలి. దాన్నే మేం గాలి తీయడం అంటాం. ఎవరు ఏ ప్రోగ్రాం ఎక్కించినా పెట్టె దాన్ని నడిపే ముందు మొదటి నుంచి చివరి వరకు చదివి, గాలి తీయకుండా గంటలు గడిచే దారి ఎక్కడైనా ఉందేమో చూస్తుంది. ఉంటే నడపదు. ఆయన రాసినదైనా నడపదు. అప్పుడు తెర మీద తెలుగులో ఒక మాట కనిపిస్తుంది: ‘ఇది నడపను. గాలి ఎప్పుడు తీస్తావు?’

ఆ వాక్యం రాసి, ఆయన చాలా మురిసిపోయాడు. నాకు మాత్రం ఆయన్నే ఎనిమిది ముక్కలు చేసి, గదికొక ముక్క గోడకు బిగించినట్టనిపించింది.

ఇక ఏఐ సంగతి. ఆయన దాన్ని రోజూ వాడేవాడు. షెడ్డులో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఏఐ చేత ఛాంబర్ ప్రోగ్రాములు రాయించి, ఒక్కొక్కటీ తన పెట్టెకు ఎక్కించేవాడు. పెట్టె వరసగా తిప్పికొడుతుంటే దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. ఒకటి నెగ్గితే ఇంకా సంతోషం. “చూడు, నాకన్నా శుభ్రంగా రాసింది” అని ఆ ప్రోగ్రాం ఉంచేసేవాడు. మా ఆరో గదిలో ఇప్పటికీ నడుస్తున్నది ఏఐ రాసిందే.

“దాన్ని ఎంతైనా రాయనివ్వయ్యా. తనిఖీ మాత్రం రాసినవాడి చేతిలో ఉండకూడదు. అది రాసినా అంతే, నేను రాసినా అంతే” అనేవాడు. మండిపడిన మనిషి మాటలు కావివి.

ఆయన మండిపడింది నా మీద. సీజన్లో లారీలు ఆగకూడదని నేను పొద్దున్నే గేటు పాసుల పుస్తకం మొత్తం ఖాళీగా సంతకం పెట్టేసేవాణ్ణి. ఏ లారీలో ఏం వెళ్తోందో వాచ్‌మన్ నింపుకొనేవాడు. నా ముందు సెక్రటరీ అదే చేశాడు, ఆయన ముందున్నవాడూ అంతే. మామిడికాయ ఎవరి కోసమూ ఆగదు. సెక్రటరీ మాత్రం పెళ్లిళ్లకూ పరామర్శలకూ వెళ్లాలి. ఒకసారి బావగారు ఆ పుస్తకం చూశాడు. పేజీ పేజీ తిప్పి, అన్నిటి మీదా నా సంతకం చూసి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

“ఇది సంతకం కాదు బావా. తలుపు తీసి పెట్టి ఊరెళ్లడం.”

“మన వాచ్‌మనేగా అండీ.”

“అందుకే అంటున్నాను.”

అదే మనిషి, నాకొక కవరు ఇచ్చాడు. అందులో ఒక కాగితం, దాని మీద పన్నెండు మాటలు. ఆ మాటలు ఏ ఒక్క పెట్టెలో కొట్టినా ఎనిమిదింటిలోనూ తనిఖీ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏం ఎక్కించినా నడుస్తుంది. “నేను పోయి, పెట్టె మొండికేసి, గదిలో కాయ కుళ్లిపోతుంటే, అప్పుడు మాత్రమే. తనిఖీని మళ్లీ పెట్టాలంటే నా దగ్గరున్న తాళం కావాలి. కాబట్టి ఊరికే ముట్టుకోకు” అన్నాడు. ఆ తాళం అంటే వేలంత పెన్‌డ్రైవు, ఆయనకు మాత్రమే తెలిసిన ఇంకో పన్నెండు మాటలు. నా కవరును బల్ల సొరుగులో పెట్టాను. గేటు పాసుల పుస్తకాలు ఉండేదీ ఆ సొరుగులోనే.

నాలుగు వేసవుల కిందట మే నెలలో పెద్ద గాలివాన కొట్టింది. తెల్లారేసరికి తోటల్లో చెట్ల మీద కన్నా నేల మీదే ఎక్కువ కాయ ఉంది. రాలిన కాయ నిలవ ఉండదు. రైతులందరూ ట్రాక్టర్లతో సంఘం గేటు ముందు నిలబడ్డారు. ఐదు రోజుల్లో మాగే కాయను మూడు రోజుల్లో తీస్తే తప్ప గదులు చాలవు. బావగారు ముందే చెప్పాడు, రాలినది పక్వానికి రాని కాయ, తొందరపెడితే పండదు, వాడిపోతుందని. నాకు వినే ఓపిక లేదు. ఫోన్లో ఏఐని అడిగాను. ఎంత వేడి, ఎంత గ్యాస్, మూడు రోజులు అని చెప్పాను. గాలి తీయడం గురించి నేను చెప్పలేదు. అది రాయలేదు. చక్కగా వరస పెట్టి ప్రోగ్రాం ఇచ్చింది.

ఐదో గది పెట్టెకు ఎక్కించాను. ‘ఇది నడపను. గాలి ఎప్పుడు తీస్తావు?’

మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే. గేటు దగ్గర హారన్లు. ఎవరో నా పేరు పెట్టి అరుస్తున్నారు. బావగారికి ఫోను చేశాను.

“మీ దక్షిణపు కంచె పక్కన రెండో చెట్టేంటి?”

“బావగారూ, ఇవాళ వద్దండీ.”

“ఇవాళే కావాలి. గాభరాలో ఉన్నవాడి గొంతే ఎవడైనా ముందు దొంగిలించేది. చెట్టు చెప్పు.”

“చెట్టూ లేదు, కంచే లేదు. పెట్టెయ్యండి ఫోను” అని నేనే పెట్టేశాను. ఆయన వెంటనే రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు. ఆఫీసుకెళ్లి, సొరుగు లాగి, గేటు పాసుల కింద నుంచి కవరు తీశాను. పన్నెండు మాటలు కొట్టాను. పెట్టె ఈసారి ఏమీ అడగలేదు. ప్రశ్న లేని ఆ తెర చూసి నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ హాయి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నాగరత్నం మా సంఘంలో పండు చూసే మనిషి. గదిలోకి వెళ్లి, ట్రేల మధ్య తిరిగి, వాసనను బట్టి ఏ వరస పండిందో, ఏది ఇంకొక పూట ఆగాలో చెబుతుంది. ఆమె చెప్పాక పెట్టెల లెక్కలు ఎవరూ చూడరు. మూడో రోజు ఉదయం ఐదో గదిలోకి వెళ్లింది. ఆడవాళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తారు. చెప్పులు అక్కడే ఉన్నాయి, మనిషి రావడం లేదేంటని ఇంకొకావిడ తలుపు తోసింది. ట్రేల మధ్య పడి ఉంది. కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. పడేటప్పుడు తల వెనక భాగం ఇనప ఫ్రేముకు కొట్టుకుంది. నూజివీడు ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ప్రాణం దక్కింది. వాసన పోయింది. మల్లెపూలు, కిరసనాయిలు, పండిన రసం, ఏదీ ఆమెకు తెలియదు. ఇప్పుడు ఆమె మిగతావాళ్లతో పాటు ట్రేలు మోస్తుంది.

ఆ సాయంత్రమే పాత ప్రోగ్రాం మళ్లీ ఎక్కించేశాను. కమిటీ కూర్చుంది. ప్రోగ్రాం రాసింది ఎవరని ఎవరూ అడగలేదు. పెట్టెలు అన్నీ ఆయనవేగా. ‘సదరు వ్యక్తి రూపొందించిన ప్రోగ్రాం లోపం కారణంగా’ అని తీర్మానం రాశాను. ఇకపై ఆయన పెట్టెల్ని ముట్టుకోకూడదని కూడా రాశాను. సెక్రటరీని కాబట్టి రాత నాదే. కింద సంతకమూ నాదే. ఆసారి ఖాళీ కాగితం మీద కాదు, నిండుగా రాసిన కాగితం మీద పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఆయన ఆఫీసుకు వచ్చాడు. పెట్టెల్లో జరిగిన ప్రతి పనీ ఆయన షెడ్డులోని కంప్యూటరుకు చేరుతుంది. ఆ వివరాల ప్రింటు తెచ్చాడు. ఏ వేళ తనిఖీ ఆగిందో, ఎవరి మాటలతో ఆగిందో రెండు లైన్లు. నా ముందు కూర్చుని, అది చదువుకోనిచ్చాడు.

“కమిటీకి చూపిస్తారా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“చూపించను. ఈ చిట్టా రాసింది నేను రాసిన ప్రోగ్రామే. నా తరఫున నా ప్రోగ్రాం సాక్ష్యం చెబితే చూసినట్టా? చెల్లదు.”

“మరి?”

“ఆ మాటలు నీ దగ్గర మాత్రమే ఉన్నాయి. కాబట్టి నువ్వు చెబితేనే చెల్లుతుంది. నేను చెబితే చాడీ.”

“సీజన్ అవనీయండి. నేనే చెబుతాను.”

ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో పెట్టాడు. ‘ఎవరు చూశారు’ అని అడగలేదు. నా మాట నమ్మి వెళ్లిపోయాడు. అంత అనుమానపు మనిషి అనుమానించకుండా ఒప్పుకున్నది ఆ ఒక్క మాటనేనేమో.

సీజన్ అయింది. చెప్పలేదు. మరుసటి పూత వచ్చింది. ఆయన తనంతట తను అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. ఒక పని మాత్రం చేశాడు. ఫోను చేస్తే చెట్టు అడగడం మానేశాడు. “హలో, చెప్పు” అనేవాడు, అందరూ అన్నట్టే. ఆ రెండు మాటలు విన్నప్పుడల్లా ఫోను పెట్టేయాలనిపించేది.

తలుపు సంగతి అప్పుడే మొదలైంది. కాయ తీసే రోజుల్లో పొద్దున్నే స్కూటరు మీద వచ్చేవాడు. పెట్టెలు ముట్టుకునేవాడు కాదు. తీర్మానం ఉంది కదా. ఛాంబర్ తలుపు పూర్తిగా తెరిచి, దానికి కాలు అడ్డంపెట్టి నిలబడేవాడు. గది చూసే కుర్రాణ్ణి, “గాలి తీశావా?” అని అడిగేవాడు. “తీశానండి.” “ఎవరు చూశారు?” వెంటనే తనే గది వెనక్కి నడిచి, రేకుల దగ్గర అరచెయ్యి పెట్టి, గాలి తగిలాకే తిరిగొచ్చేవాడు. ఆడవాళ్లు లోపలికి వెళ్లేముందు చెప్పులు లెక్కపెట్టేవాడు. చివరి జత కదిలే వరకు కాలు తీసేవాడు కాదు. ఆయనకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఎనిమిది గదులు.

జనం దాన్ని పశ్చాత్తాపం అన్నారు. కాదు. నేను ఆపిన తనిఖీ అప్పటికీ ఆగే ఉంది. దాన్ని మళ్లీ పెట్టాలంటే ఆయన తాళం కావాలి, ఆయన్ని లోపలికి పిలవాలి, ఎందుకు పిలుస్తున్నానో కమిటీకి చెప్పాలి. నేను చెప్పలేదు. ఎవడు ఏది ఎక్కించినా పెట్టెలు నడిపేస్తాయి. కాబట్టి ఆయన పెట్టె చెయ్యాల్సిన పనిని తన కాలితో చేశాడు. మూడు వేసవులు. నా ఆఫీసు కిటికీలోంచి అది రోజూ కనిపించేది. చూడకూడదని బల్లను ఇటు తిప్పించుకున్నాను.

ఈ ఏడు పిందె కట్టే రోజుల్లో ఆయన షెడ్డులోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పెన్‌డ్రైవు బల్ల మీదే దొరికింది. దాని మాటలు మాత్రం ఆయనతోనే పోయాయి. విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు చూసి, ఇక తనిఖీ రాదు, పెట్టెలన్నీ మార్చాల్సిందే, ఈ సీజన్‌కి అందవు అన్నాడు.

కోతలు మొదలయ్యాకే కుదిరిన సంతాప సభ అయిన మర్నాడు నాగరత్నం దగ్గరికి వెళ్లాను. ప్యాకింగ్ షెడ్డులో కింద కూర్చుని, తడిగుడ్డతో కాయలకంటిన జీడి సొన తుడుస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అంతా చెప్పాను. కవరు, ఫోను, పన్నెండు మాటలు, తీర్మానం. ఆమె చేతులు ఆగలేదు. నేను అయిపోయిందన్నాక రెండు కాయలు తుడిచి పక్కన పెట్టింది.

“ఆయనకి తెలుసాండి, మీరేనని?”

“తెలుసు.”

“తెలిసే నిలబడ్డాడా?”

“అవును.”

“రోజూ తిట్టేదాన్నండి. లోపలికెళ్తా ఒకటి, బయటికొస్తా ఒకటి. నా ముక్కు పోగొట్టావు, నీ పెట్టెలు తగలెయ్యా అని. ఒక్కనాడు నోరు తెరవలేదు. చెప్పులు బయటే విడిచావా నాగరత్నం, అని మాత్రం అడిగేవాడు. ఈ పిచ్చోడికి చెప్పుల గోలేంటి అనుకునేదాన్ని.”

ఆమె గుడ్డ తడిపి పిండింది.

“మీరేం చేస్తుండేవారండి అప్పుడు?”

“ఆఫీసులో ఉండేవాణ్ణి.”

“ఆ కిటికీలోంచి కనపడుద్దిగా.”

“కనపడుతుంది.”

ఆమె ఇంకొక కాయ తీసుకుంది. అలవాటు కొద్దీ ముచ్చిక ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దించేసింది.

“ఇప్పుడు నన్నేమనమంటారు? పోనీలెండి బాబుగారూ అనమంటారా? అననండి.”

“అనొద్దు.”

“నాకొక్కదానికి చెప్తే ఏం లాభం. ఆయన పొరపాటని మైకులో చెప్పారుగా అందరికీ. మీదీ అట్టాగే చెప్పండి.”

అందుకే రాస్తున్నాను. ఆ ప్రింటు కాగితం కూడా దీంతో జత చేసి ప్రెసిడెంటు గారికి ఇస్తున్నాను. పుస్తకంలో వెయ్యకపోతే, ఇదే కాగితాన్ని సంఘం మీటింగులో నేనే చదువుతాను. తీర్మానం మార్చాలి. నా స్థానంలో ఎవరిని పెట్టుకుంటారో వాళ్లిష్టం.

ఈ సీజన్‌లో మాగిన మొదటి కాయ నిన్న గదిలోంచి తీశాం. ఐదో గది. వెళ్లి తలుపు బార్లా తెరిచి, ఆయన పెట్టే చోటే కాలు పెట్టి నిలబడ్డాను. ఆ ఇనప తలుపు తనంతట తను మూసుకోవాలని చూస్తుంది. పది నిమిషాలకే పిక్క పట్టేసింది. మూడు వేసవులు ఆయన ఎలా నిలబడ్డాడో నాకు తెలియదు. ఆడవాళ్లు ట్రేలు తీసుకుని వచ్చారు. నాగరత్నం ముందుంది. చెప్పులు విడిచి, గడప దగ్గర ఆగింది.

“గాలి తీశారా?”

“తీశానమ్మా. పెట్టె మీద చూపిస్తోందిగా.”

“ఎవరు చూశారు?”

వెనక ఉన్నవాళ్లలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. తలుపుకు ట్రేను అడ్డంపెట్టి, నేను గది వెనక్కి నడిచాను. ముళ్ల కంచెకూ గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు, నేల మీద ఆయన నడిచిన బాట ఇంకా గడ్డి మొలవకుండా ఉంది. రేకుల దగ్గర అరచెయ్యి పెట్టాను. వెచ్చటి గాలి చేతికి కొట్టింది, పండిన బంగినపల్లి వాసనతో.

తిరిగొచ్చి, ట్రే తీసి, మళ్లీ కాలు పెట్టాను.

“నేను చూశాను” అన్నాను.

ఆమె నా ముఖం కేసి చూసింది.

“రేపు కూడా చూడండి” అని లోపలికి వెళ్లింది.

చెప్పులు లెక్కపెట్టాను. ఆరు జతలు.